కొన్నదా, పెట్టిందా?

ఎవరి ఒంటి మీద కొత్త గుడ్డ కనిపించినా మా మేనమామ అడిగే మొదటి మాట ఒకటే: “కొన్నదా, పెట్టిందా?”

బాగుందనడు, రంగు సంగతి ఎత్తడు. నా పెళ్ళిలో అత్తవారిచ్చిన పంచె అంచు పట్టుకుని కూడా అదే అడిగాడు. పెట్టిందే మామా అన్నాను. “అయితే నువ్వు ఆళ్ళోడివైపోనావు” అన్నాడు. పందిట్లో అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

కింద మైదానం వాళ్ళకి బట్టలు పెట్టడం అంటే మర్యాద. అల్లుడికి పెడతారు, ఆడపడుచుకి పెడతారు, బొట్టు పెట్టి మరీ పెడతారు. అరకు చుట్టుపక్కల మా కొండల్లో ఆ మాటకి ఇంకో అర్థం ఉండేది. మామ కుర్రతనంలో, వాళ్ళ అయ్య చేసిన అప్పు కింద, లోయలో ఒక షావుకారు ఇంట్లో ఏడాది జీతానికి కుదిరాడు. మా వైపు దాన్ని గొత్తి అంటారు. జీతమని పేరే గాని చేతికి వచ్చేదేమీ లేదు. ఏటా చైత్రంలో వచ్చే ఇటుకల పండగ నాడు షావుకారు అరుగు మీద కూర్చుని ఒక పంచె, ఒక దుప్పటి ఇచ్చేవాడు. అవి రెండు చేతులా అందుకుంటే ఇంకో ఏడాది పని చేయడానికి ఒప్పుకున్నట్టు. కాగితం అక్కర్లేదు, వేలిముద్ర అక్కర్లేదు. పంచె కట్టుకున్నావా, కట్టుబడ్డావు.

ఒక ఏడు మామ అందుకోలేదు. ఒంటి మీదున్న పాత పంచె కూడా విప్పి, అరుగు మీద పడేసి, గోచీతో కొండెక్కి ఇంటికి వచ్చేశాడు. దారిలో సంతకు పోతున్న జనం ఆగి మరీ చూశారట. ఆ నడక గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతులో సిగ్గు ఉండేది కాదు. “ఆ రోజు నా ఒంటి మీద నా తోలొక్కటే ఉంది. అది ఎవులూ పెట్టింది కాదు” అనేవాడు. మా ఇంట్లో పిల్లలందరికీ చిన్నప్పుడే ఒక మాట నేర్పాడు: ఎవుడి గుడ్డ కడితే ఆడి గొడ్డువి.

కాబట్టి అనుమానం మాకు ఆస్తిగా వచ్చింది. పోడు భూములు పోయినా అది మాత్రం పోలేదు. నాకు కాస్త ఎక్కువ వాటాయే వచ్చిందని మా ఆవిడ అంటుంది.

తొంభైల్లో నేను పదో తరగతి పాసై ఇంట్లో ఖాళీగా ఉన్నాను. వానాకాలంలో మలేరియా దోమలకి మందు కొట్టడానికి హుకుంపేట చుట్టుపక్కల ఊళ్ళలో కూలీలని తీసుకునేవారు. చదువుకున్నానని నన్ను ఒక గుంపుకి పెద్దని చేశారు. బకెట్లో పొడి కలిపించడం, ఏ ఇంటికి మందు కొట్టామో తలుపు పక్కన సుద్దతో రాయడం నా పని. ఒకడు బకెట్ దగ్గర నిలబడి పంపు కొడుతుంటే, ఇంకొకడు పొడుగాటి గొట్టం పట్టుకుని గోడలకి, దూలాలకి, పైకప్పు లోపలికి మందు చిమ్మాలి. మా గుంపులో గొట్టం పట్టేది మామే. తలెత్తి కొట్టే పని కాబట్టి చూరు కింద ఆయన మొహం మీద తెల్లటి తుంపర పడుతూనే ఉండేది. మామ మా కొండ భాషతో పాటు తెలుగూ మాట్లాడేవాడు గనక గుమ్మం దగ్గరా, ఆఫీసు దగ్గరా కూడా ఆయనే ముందు. ఆ తెలుగు షావుకారు ఇంట్లో పని చేస్తూ నేర్చుకున్నదే.

ఆ పనికి బట్టలు మావే. మూతికి కట్టుకునే తువ్వాలు మాదే. కాళ్ళకి ఏమీ ఉండేవి కావు. మందు పడి పడి చొక్కా బిరుసెక్కిపోయి, వానాకాలం అయ్యేసరికి చంకల దగ్గర పట్టుకుంటే చిరిగేది. మా అత్త ఆ చొక్కాని పిల్లల బట్టలతో కలిపి ఉతికేది కాదు. గెడ్డలో జనం నీళ్ళకి దిగే చోటికి కిందగా పోయి, విడిగా ఉతుక్కొచ్చేది. “పాసిపోయిన వాసనైతే పోద్ది గానీ ఇదేటి వాసనో పోదు” అనేది. కూలి డబ్బుల్లోంచి ఇంకో చొక్కా కొనుక్కునేవాళ్ళం. పనికి చిరిగిన చొక్కా పని ఇచ్చినవాడు కొనాలని మాకెవరికీ తోచలేదు. చొక్కా ఎవరిదో తెలుసు కదా, అది చాలనుకున్నాం.

మామకి దగ్గు అప్పుడే మొదలైంది. ముందు చిన్నగా, గొంతులో గింజ ఇరుక్కున్నట్టు.

ఒక ఏడు పని మొదలయ్యే రోజున, ఆఫీసు ముందు మమ్మల్ని వరసగా నిలబెట్టారు. కొత్త ఆఫీసరు వచ్చాడు. కింద జిల్లాల మనిషి, మెత్తగా మాట్లాడతాడు. మంచివాడేనని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడైతే ఆ మెత్తదనం మీదే నాకు అనుమానం. జీపులోంచి మూటలు దింపించాడు. ఖాకీ చొక్కాలు, ప్యాంట్లు, గంబూట్లు, రబ్బరు చేతి తొడుగులు, మూతికీ ముక్కుకీ తగిలించుకునే తొడుగులు. అన్నీ కొత్తవి. ఇన్నేళ్ళూ మా ఒళ్ళు ఎవరికీ గుర్తు రాలేదు, ఇప్పుడెందుకు గుర్తొచ్చింది?

ఆయన గొంతు సవరించుకుని అన్నాడు: “మీరంతా ఎంతో కష్టపడుతున్నారు. అందుకని ఈ ఏడు మీ అందరికీ బట్టలు పెడుతున్నాం.”

పాపం, మర్యాదకే ఆ మాట అన్నాడు. వరసలో నిలబడ్డ వాళ్ళ చేతులు ఒక్కసారిగా వెనక్కి పోయాయి. మామ ఒక అడుగు ముందుకేసి అడిగాడు.

“ఏడాదికా బాబూ?”

“ఏడాదేంటి! జాగ్రత్తగా వాడుకుంటే రెండేళ్ళు వస్తాయి” అన్నాడు ఆఫీసరు నవ్వుతూ.

ఇంక ఎవరు ముట్టుకుంటారు? నేను సర్దిచెప్పబోయాను గానీ నాకే నమ్మకం లేదు. ముందు ఖరీదు ఎవరు పెట్టారో తెలుసుకుందామని ఆఫీసరుని అడిగాను. “గవర్నమెంటు. ఉచితం” అన్నాడు. స్టోరు చూసే ఆయన్ని పక్కకి పిలిచి అడిగితే, పై దేశం వాళ్ళెవరో మీమీద జాలిపడి పంపారన్నాడు. జీపు డ్రైవరు బీడీ పారేసి, “ఏ దేశమూ కాదు, నెలాఖరుకి మీ కూలిలోనే కోస్తారు, చూస్తూ ఉండండి” అన్నాడు. ఒక జత బూట్లకి ముగ్గురు మూడు మాటలు చెప్పారు. ముగ్గురిలో ఒక్కడికి నిజం తెలిసి ఉండాలి, లేదా ముగ్గురూ కలిసి దాస్తూ ఉండాలి. ఆ పైన మమ్మల్ని బూట్లు చేత్తో పైకెత్తి పట్టుకోమని ఫోటో తీశారు. మామ ఫోటోలో లేడు. మూత్రానికని పక్కకి వెళ్ళి, ఫోటో అయ్యాకే వచ్చాడు.

అవసరం పెద్దది. ఒకడు తీసుకున్నాడు, వాడిని చూసి ఇంకొకడు. నెల తిరిగింది, కూలి పూర్తిగానే వచ్చింది. ఎవరి కూలీ కోయలేదు. ఎవరినీ ఎవరూ ఏడాదికి కట్టెయ్యలేదు. అది కూడా చెప్పాలి కదా. మా గుంపులో పంపు కొట్టేవాడు గంబూట్లు వేసుకుని సంతకి కూడా పోయాడు. ఆ చప్పుడుకి మేకలు పక్కకి తప్పుకుంటుంటే వాడి దర్జా చూడాలి. నేనూ ఖాకీ తొడిగాను. మామ ముట్టని జతని నేనే తెచ్చాను, అది మాత్రం విప్పని మూటలాగే మా ఇంటి అటక మీద ఉండిపోయింది.

ఆయనది ఒక్కడిదే మొండితనం అనుకుంటే తప్పు. మూతి తొడుగులతో పైఊరు వెళ్ళిన మొదటి రోజు, ఒక ముసలమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. మేము చెప్పేది వింది. నా మొహానికున్న తొడుగు కేసి వేలు చూపించింది.

“మందంటన్నావు. మందైతే నీ మూతెందుకు కట్టుకున్నావు?”

విషమైతే నాకు, మందైతే నీకు అని ఎలా చెప్పను? వెనకనుంచి మామ ఎప్పటి తువ్వాలుతోనే వచ్చి, దాన్ని మూతి మీంచి కిందికి లాగి, “నానున్నాను కదే” అనగానే ఆవిడ లేచి దారిచ్చింది. మందు పడకుండా చోళ్ళ కుండలు, అంటే రాగుల కుండలు, మామే బయటికి మోసి పెట్టాడు. లోపల కొట్టినంతసేపూ దగ్గాడు. బయటికి వచ్చాక గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు, కళ్ళు ఎర్రగా, చేతుల మీద చర్మం పొలుసులు పొలుసులుగా. నాకు భయం వేసింది. ఆ మూట విప్పించకపోతే ఈ మనిషి నాకు దక్కడు అనిపించింది.

ఆ వారంలోనే ఆఫీసరు పని చూడ్డానికి వచ్చాడు. మామని చూశాడు. “ఇచ్చినవి వేసుకోనివాళ్ళని పనిలో ఉంచొద్దు. రేపు వాడికేమైనా అయితే నా మెడకి చుట్టుకుంటుంది” అని నాకు చెప్పి వెళ్ళిపోయాడు. వానాకాలంలో మా కొండల్లో ఇంకో కూలి ఉండదు. పోయిన ఏటి చోళ్ళు అయిపోతాయి, కొత్తవి ఇంకా పచ్చిగానే ఉంటాయి. ఖాకీ వేసుకుంటే మామ తన మాట పోగొట్టుకోవాలి, వేసుకోకపోతే కూడు పోగొట్టుకోవాలి. ఊపిరి సంగతి ఆయన లెక్కలో లేదు, నా లెక్కలోనే ఉంది.

మర్నాడు పొద్దున్నే చంకలో కోడితో మా గుమ్మంలో నిలబడ్డాడు. గుడ్లు పెట్టే నల్ల పెట్ట. అత్త ముద్దుగా పెంచుకునేది.

“పదరా, హుకుంపేట ఎల్దాం. ఆ గుడ్డలు కొనీసుకుంటాను.”

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆయన తెలివికి దండం పెట్టాలి. పెట్టింది కాకూడదు, అంతే కదా. ఖరీదిచ్చి పుచ్చుకుంటే అది కొన్నదే అవుతుంది. వేసుకోవచ్చు, ఎవరికీ కట్టుబడక్కర్లేదు. మూట నేను నెత్తిన పెట్టుకున్నాను, కోడిని ఆయన పట్టుకున్నాడు, ఇద్దరం వానలో దిగాం.

ఆఫీసరు కుర్చీలో ఉన్నాడు. మామ కోడిని బల్ల మీద పెట్టాడు.

“ఏంటిది?”

“పెట్ట, బాబూ. మీకే.”

ఆఫీసరు చటుక్కున లేచి నిలబడ్డాడు. తలుపు కేసి చూశాడు, కిటికీ కేసి చూశాడు. అంతకుముందు ఆ కుర్చీలో కూర్చున్నాయన మీద ఎవరో పైకి అర్జీ పెట్టారనీ, అందుకే ఆయన్ని ఎక్కడికో మార్చేశారనీ మాకు తెలుసు. ఈయనకి ఇంకా బాగా తెలుసు.

“ఎవరు పంపారు నిన్ను?” అన్నాడు. తర్వాత నాకేసి తిరిగి, “నువ్వేనా నేర్పింది? లంచాలిచ్చి పని నిలబెట్టుకోమని?”

“లంచం కాదు సార్, ఖరీదు” అన్నాను. గొత్తి సంగతి, పంచె సంగతి చెప్పబోయాను. ఆయన వింటే కదా. నేను చెప్పేకొద్దీ ఆయన కళ్ళు ఇంకా చిన్నవవుతున్నాయి. ఇంత పొడుగు కథ చెబుతున్నాడంటే ఇందులో ఏదో ఉంది అనుకున్నాడేమో. ఆయన చోట నేనుంటే అలాగే అనుకునేవాణ్ణి.

“గవర్నమెంటు వస్తువులు అమ్మకూడదయ్యా!”

“అమ్మకూడనిది మాకెందుకు ఇత్తన్నారు బాబూ?” అన్నాడు మామ. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు.

ఈలోగా కోడి బల్ల మీంచి ఎగిరి బీరువా కింద దూరింది. గుమస్తాలు లేచి వచ్చి చీపురుతో కదిలిస్తున్నారు, నవ్వుతున్నారు. పట్టుకుని తీసుకుపొమ్మన్నాడు ఆఫీసరు. ఖరీదు కింద తెచ్చింది వెనక్కి తీసుకుపోనన్నాడు మామ. నలుగురూ చూస్తున్నారు. ఆఫీసరుకి మొహం ఎర్రబడింది. చివరికి జేబులోంచి నోట్లు తీసి మామ చొక్కా జేబులో కుక్కాడు.

“నేను ఎవరిదీ ఊరికే తినను. కోడిని కొన్నాను. సరా? ఇంక వెళ్ళి, ఇచ్చిన బట్టలు వేసుకుని పని చెయ్యి.”

బయటికి వచ్చి చూరు కింద నిలబడ్డాం. మామ ఆ నోట్లు జేబులోంచి తీసి లెక్కపెట్టాడు.

“సూసినావా? కోడినైతే కొన్నాడు. గుడ్డని మాత్రం అమ్మడు” అన్నాడు. “అమ్మడంటే ఏటో ఉంది, అల్లుడా.”

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆయన్ని తప్పు పట్టలేకపోయాను. డబ్బులిస్తానంటే అమ్మకుండా ఊరికే తీసుకోమని బతిమాలేవాణ్ణి నేనూ నమ్మను.

ఇంటికి వచ్చే దారిలో నేనూ ఒక ఎత్తు వేశాను. “మామా, ఈ మూట నా పేరున తీసుకున్నాననుకో. నాదే. ఒక్క రూపాయి ఇవ్వు, నీకు అమ్మేస్తాను.”

“నీది కానిది నువ్వెలాగ అమ్మేత్తావురా?” అన్నాడు. అంతటితో నా ఎత్తు చిత్తు.

కోడి డబ్బులతో సంతలో ఎవరో తొడిగి వదిలేసిన ఖాకీ చొక్కా ఒకటి, ప్లాస్టిక్ బూట్లు, దళసరి తువ్వాలు కొన్నాడు. మర్నాడు అవి వేసుకుని పెళ్ళికొడుకులా పనికి వచ్చాడు. మీసం కూడా దువ్వాడు. ఇంకోసారి ఆఫీసరు జీపులో పోతూ దూరంనుంచే ఖాకీ చూసి, “మొత్తానికి దారికొచ్చాడు” అని తల ఊపాడు. నేను తల ఊపాను. మామ పని నిలబడింది.

అయితే చేతి తొడుగులు సంతలో అమ్మరు. ముక్కు తొడుగు అసలే అమ్మరు. అమ్మి ఉంటే అత్త ఇంకో కోడిని కూడా ఇచ్చేది. ఆయనకి అన్నిటికన్నా కావలసింది అదొక్కటే, అదే దొరకలేదు. నేను తొడుగు తగిలించుకుని బకెట్లో పొడి కలిపించేవాణ్ణి, ఆయన తువ్వాలు కట్టుకుని చూరు కింద తలెత్తి నిలబడేవాడు. రెండేళ్ళు వస్తాయన్న ఖాకీలు చిరిగాక మళ్ళీ ఏ జీపూ మూటలు దింపలేదు. ఆయన తర్వాత వచ్చిన ఆఫీసరుని అడిగితే, “మీకు ఒకసారి ఇచ్చారు కదా” అన్నాడు. మామ నాకేసి చూశాడు. నేను చెప్పలేదా అన్నట్టు కాదు. చెప్పాల్సిన పని లేదన్నట్టు.

రెండువేల సంవత్సరం దాటిన తర్వాత ఆయన గొట్టం పట్టడం మానేశాడు. గట్టు ఎక్కితే నిలబడి, ఊపిరి పోగుచేసుకుని, మళ్ళీ ఎక్కేవాడు. ఆసుపత్రిలో డాక్టరు ఏం పని చేసేవాడివని అడగలేదు. చుట్ట తాగుతావా అని అడిగాడు. తాగుతానన్నాడు మామ. మానెయ్యమన్నాడు డాక్టరు, అంతటితో అయిపోయింది. చుట్టే కావచ్చు. మా అత్త మంట వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతుంది, ఆవిడకి దగ్గు లేదు. దేనివల్ల అన్నది నాకు ఇప్పటికీ తెలియదు, తెలియనివ్వరని మాత్రం నా అనుమానం. నాకు చాలా కోపం ఉంది. మామ మీద ఉంది, బూట్లకి మూడు మాటలు చెప్పిన ఆ ముగ్గురి మీద ఉంది. ఒక ముక్కు తొడుగు ఇంత కష్టమైన వస్తువు ఎలా అయిందో అర్థం కాక, దాని మీద కూడా ఉంది.

మామ ఆఖరి కొడుకు అప్పటికి ఎదిగాడు. కొండల మీద సెల్ టవర్లు కట్టే కంట్రాక్టరు దగ్గర పనికి కుదిరాడు. టవర్ ఎక్కి బోల్టులు బిగించే పని. ఒక సాయంత్రం ఆ గుంటడు పని నుంచి నేరుగా ఇంటికి వచ్చాడు. మెరిసే పట్టీల నారింజ రంగు జాకెట్టు, పసుపు హెల్మెట్టు, పెద్ద బూట్లు, నడుముకి దళసరి బెల్టు. నేను అక్కడే ఉన్నాను. మామ మంచం మీద లేచి కూర్చుని చెయ్యి చాపాడు. జాకెట్టు అంచు పట్టుకున్నాడు.

“కొన్నదా, పెట్టిందా?”

“కొన్నదే అయ్యా. జీతంలో కోసుకున్నారు. బెల్టుకి, టోపీకి, బూట్లకి, అన్నిటికీ.”

మామ మొహం విచ్చుకుంది. అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు. అంచు వదలకుండా గుడ్డని వేళ్ళతో నలిపి చూశాడు, హెల్మెట్టు మీద వేలితో కొట్టి చూశాడు. “అలాగుండాలి. కొన్నోడు ఎవుడికీ గొడ్డు కాడు” అన్నాడు నాతో. దగ్గు వచ్చింది, అయినా ఆపలేదు. “మనసు పడితే సెయ్యొచ్చు, నేకపోతే మానెయ్యొచ్చు.”

“మానేత్తన్నానయ్యా” అన్నాడు కొడుకు. “నాతో ఎక్కేవోడు పడిపోనాడు. బెల్టు తెగింది. మరింక ఎక్కను. ఇక్కడే కాఫీ తోటల్లోకి పోతాను. ఎల్లుండి ఎల్లి ఇవన్నీ ఇచ్చీసి వచ్చేత్తాను.”

“ఏటి ఇచ్చీసొత్తావు?”

“ఈ డ్రెస్సు, బెల్టు, బూట్లు. మానేత్తే ఎనక్కి ఇచ్చీయాల.”

“కొన్నావు కదరా.”

“డబ్బులు కోసుకున్నారయ్యా. కానీ సరుకు కంట్రాక్టరుదే. ఇవ్వకపోతే ఆకరి నెల జీతం ఇవ్వరు.”

మామ అంచు వదిలేశాడు. చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు. అత్త నీళ్ళు ఇస్తే వద్దన్నాడు.

“నానైతే నానే ఇప్పి అరుగు మీద పడీసి వచ్చినాను” అన్నాడు చివరికి. “ఇప్పమని సావుకారు అడగనేదు.”

తర్వాత నాకేసి తిరిగాడు. “సదువుకున్నోడివి, నువ్వు సెప్పు. ఇది కొన్నదా, పెట్టిందా?”

కొడుకు జాకెట్టు విప్పి, లుంగీ కట్టుకుని, తడి గుడ్డతో ఆ మెరిసే పట్టీలు జాగ్రత్తగా తుడవడం మొదలుపెట్టాడు. మరక కనబడితే దానికీ కోస్తారట.